ఆటల కంప్యూటరు కొనబోయే ముందు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ మనం కంప్యూటరు గురించి మాట్లాడుకుందాం. అందులోనూ పిల్లలు ఆటలాడుకునే కంప్యూటరు గురించి. "అది పిల్లల గోల, మనకెందుకూ" అని రేడియో కట్టెయ్యబోకండి. గోల పిల్లలదే గాని డబ్బు మాత్రం మన ఇంటిది కదా! చీటీ డబ్బు చేతికి ఏ నెలలో వస్తుందో, కాలేజీ ఫీజు గడువు ఎప్పుడో, ఇన్సూరెన్సు ప్రీమియం ఎప్పుడు కట్టాలో మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఏభై, అరవై వేల రూపాయలు ఇంట్లోంచి బయటకు వెళ్ళే వ్యవహారంలో ఇల్లాలు పక్కకు తప్పుకుంటే ఎట్లా చెప్పండి?

పరీక్షలు అయిపోగానే చాలా ఇళ్ళల్లో జరిగే తంతు ఒక్కటే. పిల్లవాడు "గేమింగ్ కంప్యూటరు కావాలి, నా స్నేహితులందరికీ వుంది" అంటాడు. తండ్రి "చదువు చెడగొట్టే వస్తువుకు పైసా ఇవ్వను" అంటాడు. అక్కడినుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి, ఒకరి మాట ఇంకొకరికి మనచేత మోయిస్తారు. చివరికి రెండే రెండు జరుగుతాయి. అయితే ఏడుపులతో ఆ మాట అణిగిపోతుంది, లేకపోతే పోరు పడలేక డబ్బు చేతిలో పెట్టేసి, షాపువాడు చూపించింది ఇంటికి తెచ్చుకుంటాం. ఈ రెంటికీ మధ్య మూడో దారి ఒకటి వుంది. వస్తువు సంగతి మనమూ నాలుగు ముక్కలు తెలుసుకోవడం, పిల్లలతో కూర్చుని లెక్క వేసుకోవడం. మిక్సీ కొనేటప్పుడు వాట్లు అడుగుతాం. కుక్కరు కొనేటప్పుడు అడుగు మందం చూస్తాం. బంగారం కొనేటప్పుడు తరుగెంతో, మజూరీ ఎంతో నిలదీస్తాం. ఆ తెలివే ఇక్కడా సరిపోతుంది. కొత్తగా కావలసినవల్లా నాలుగైదు పేర్లు, అంతే.

మొట్టమొదట కంప్యూటరు సంగతి పక్కన పెట్టి, ఆటల సంగతి అడగండి. "నువ్వు ఆడాలనుకునే ఆటలు నాలుగు రాసి ఇవ్వు" అని కాగితం చేతిలో పెట్టండి. పెళ్ళివారికి ఎంతమందికి వండాలో తెలియకుండా గిన్నెలు అద్దెకు తెచ్చుకోం కదా! ప్రతి ఆటకీ దానికి ఎలాంటి కంప్యూటరు కావాలో తయారుచేసినవాళ్ళే రాసిపెడతారు. అందులో రెండు వరసలు వుంటాయి. ఒకటి 'కనీసం కావలసింది', రెండోది 'బాగుండాలంటే కావలసింది'. కనీసం అన్నది ఆట మొదలవడానికి సరిపోతుంది, హాయిగా ఆడటానికి కాదు. కాబట్టి రెండో వరసే చూడాలి.

ఆటలన్నీ ఒక్క రకంగా వుండవు. మైన్‌క్రాఫ్ట్, 2020 లో వచ్చిన వాలొరెంట్ లాంటివి తేలికైన ఆటలు. ఓ మోస్తరు కంప్యూటరులో కూడా ఆడతాయి. అదే 2020 డిసెంబరులో వచ్చిన సైబర్‌పంక్ 2077 లాంటివి బాగా బరువైనవి. మీ అబ్బాయి జాబితాలో నాలుగూ తేలికపాటివే అయితే సగం ఖర్చు అక్కడే తగ్గిపోయినట్టు. ఆ కాగితం మీదే ఇంకొకటి కూడా రాయించండి. ఆటకు ఏ వయసువాళ్ళు తగినవాళ్ళో సూచించే అంకె వుంటుంది. యూరపులో ఇచ్చే లెక్క ప్రకారం మైన్‌క్రాఫ్ట్‌కు 7, జీటీఏ 5 కు 18. పన్నెండేళ్ళ పిల్లవాడు పద్దెనిమిది అంకె వున్న ఆట అడుగుతూంటే, ఆ సంగతి కంప్యూటరు కొన్నాక కాదు, కొనకముందే మాట్లాడుకోవాలి.

ఇక లోపల ఏముంటాయో చూద్దాం. వంటింటి లెక్కలో చెబుతాను, వినండి.

ప్రాసెసరు అంటే వంటమనిషి. ఏది ముందు, ఏది తర్వాత అని నిర్ణయించి పని నడిపించేది ఇదే. ర్యాము అంటే వంటగట్టు. గట్టు ఇరుకైతే ఎంత చురుకైన వంటమనిషి అయినా తరిగిన కూర దింపి, పిండి ఎక్కించి, మళ్ళీ పిండి దింపి అవస్థ పడుతుంది. ఇప్పటి ఆటలకు ర్యాము 16 జీబీ వుండాలి. ఎస్‌ఎస్‌డీ అంటే సామాన్ల గది. ఆటలూ, పాఠాలూ, ఫొటోలూ అన్నీ దాచుకునేది అక్కడే. ఒక్కొక్క పెద్ద ఆట నూరు జీబీ దాకా చోటు ఆక్రమిస్తుంది గనక, 500 జీబీ కంటే తక్కువ తీసుకోకూడదు. పాత రకం హార్డ్ డిస్కు చవకే గాని, అది అటక మీద సామాను లాంటిది. ప్రతిసారీ నిచ్చెన వేసుకుని ఎక్కాలి.

మరి గ్రాఫిక్స్ కార్డు? ఆటల కంప్యూటరుకు అసలు ప్రాణం ఇదే. దీన్ని చెప్పాలంటే వంటింట్లోంచి వాకిట్లోకి రావాలి. తెర మీది బొమ్మ కూడా మనం వేసే చుక్కల ముగ్గు లాంటిదే. మామూలు మానిటరు మీద అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 వరసలు. హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు. ఆట ఆడుతున్నప్పుడు ఈ ముగ్గును సెకనుకు అరవైసార్లు చెరిపి మళ్ళీ వెయ్యాలి. అంటే సెకనుకు పన్నెండు కోట్ల పైచిలుకు చుక్కలు, ఒక్కోదానికి తగిన రంగు! వంటమనిషి ఒక్కతే ఈ పని చెయ్యలేదు. సంక్రాంతినాడు వీధి వీధంతా దిగి ఒకేసారి ముగ్గులు పెట్టినట్టు, చిన్న చిన్న పనివాళ్ళు వందలూ వేలూ కలిసి ఒక్కసారే చేసే పని అది. ఆ పనివాళ్ళ దండే గ్రాఫిక్స్ కార్డు.

ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. 4కే అని పెద్ద తెర ఒకటి షాపులో చూపిస్తారు. దాని మీద చుక్కలు 82,94,400. అంటే సరిగ్గా నాలుగింతలు. ముగ్గు నాలుగింతలైతే పనివాళ్ళూ ఆ లెక్కనే కావాలి కదా! కాబట్టి తక్కువ డబ్బుతో కొనేవాళ్ళు 1,920, 1,080 చుక్కల తెర దగ్గరే ఆగిపోవడం మంచిది.

డబ్బు పంచుకోవడం ఎలా? మొత్తం అరవై వేలు వున్నాయనుకోండి. అందులో మూడో వంతు, అంటే ఇరవై వేల దాకా, గ్రాఫిక్స్ కార్డుకు. ఆరో వంతు, అంటే పది వేలు, ప్రాసెసరుకు. మానిటరు, కీబోర్డు, మౌసు, యూపీఎస్ కలిపి పన్నెండు వేలు. మిగిలిన పద్దెనిమిది వేలల్లో మదర్‌బోర్డు, ర్యాము, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, పైన పెట్టె. చాలామంది మానిటరునూ యూపీఎస్‌నూ లెక్కలో వేసుకోకుండా డబ్బంతా పెట్టెకే పెట్టేస్తారు. తీరా చూస్తే తెర లేదు! చీర కొని, జాకెట్టు గుడ్డకీ కుట్టుకూలికీ డబ్బు లేకుండా ఇంటికి వచ్చినట్టు వుంటుంది.

ఈ పంపకం రాతి మీద గీత కాదు. ధరలు మారుతూంటాయి. 2025 చివరి నెలల్లో ర్యాము ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోవడం దానికి ముఖ్య కారణం. టమాటా ధర పెరిగిన వారం మనం చింతపండు చారుతో సర్దుకున్నట్టు, ఇక్కడా కొంత సర్దుబాటు తప్పదు. అయితే ఏది సర్దుకోవచ్చో, ఏది సర్దుకోకూడదో తెలియాలి.

సర్దుకోకూడనిది ఒకటి చెబుతాను, అందరూ చిన్నచూపు చూసేది. అదే ఎస్‌ఎంపీఎస్. ఇంటి కరెంటును తీసుకుని లోపలి భాగాలకు తగినట్టు పంచిపెట్టే డబ్బా అది. "కేబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ ఉచితం" అని షాపులో అంటారు. ఆ ఉచితానికి ఆశపడకండి. నాసిరకం డబ్బా కాలిపోతే తను ఒక్కతే పోదు, బోర్డునో కార్డునో వెంటబెట్టుకుని పోతుంది. పేరున్న కంపెనీది, '80 ప్లస్' గుర్తు వున్నది, కార్డుకు తగ్గట్టు 450 నుంచి 550 వాట్లది, కొన్నేళ్ళ వారంటీ వున్నది తీసుకోవాలి. దీనికి బదులు సర్దుకోదలిస్తే రంగురంగుల లైట్ల దగ్గర సర్దుకోండి. మెరిసే ఫ్యాన్లు, అద్దాల పెట్టె, వెలిగే కీబోర్డు ఇవేవీ ఆటను ఒక్క పిసరు కూడా వేగంగా నడిపించవు.

ఇప్పుడు అతి ముఖ్యమైన సంగతి. మాకు తెలిసిన ఒకావిడ కొడుకు కోసం ఇరవై ఎనిమిది వేలు పెట్టి 'గేమింగ్ సెట్టు' కొన్నారు. 'ఐ7 ప్రాసెసరు, 16 జీబీ ర్యాము, 4 జీబీ గ్రాఫిక్స్' అని కాగితం మీద బ్రహ్మాండంగా వుంది. పెట్టె నిండా దీపాలు. తీరా చూస్తే అబ్బాయి అడిగిన ఆట అందులో నడవదు. అసలు బాధ అది కాదండీ. ఆ సంగతి ఆ పిల్లవాడు నెలరోజులపాటు తల్లికి చెప్పలేదు. కుట్టుమిషను మీద సంపాదించిన డబ్బని వాడికి తెలుసు. "బాగా ఆడుతోందా నాన్నా?" అని ఆవిడ అడిగినప్పుడల్లా "బాగుందమ్మా" అని, చదరంగం ఆడుకుంటూ కూర్చునేవాడట. డబ్బు పోయినందుకంటే, పిల్లవాడు ఆశను లోపలే మింగి కూర్చున్నందుకు ఆవిడ ఎక్కువ బాధపడ్డారు.

ఇందులో మోసం ఎక్కడ జరిగింది? కాగితం మీద రాసినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఐ7 నిజమే. కాని ఏ తరానిది? అది 2012 నాటి ఐ7 - 3770. గ్రాఫిక్స్ కార్డూ నిజమే. కాని అది 2014 లో వచ్చిన జీటీ 730. అది వచ్చిన రోజుల్లోనే చిన్న కార్డు. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు ఒక్కటే విని పెళ్ళి ఖాయం చేస్తామా? ఇదీ అంతే.

అందుకని పేరు చదవడం నేర్చుకుందాం. ఇంటెల్ వాళ్ళ ఈ ఐ3, ఐ5, ఐ7 ప్రాసెసర్లలో, చిన్న గీత తర్వాత వచ్చే అంకెల్లో మొదటివి తరాన్ని చెబుతాయి. 3770 అంటే మూడో తరం. 12100 అంటే పన్నెండో తరం. 2022 లో వచ్చిన ఐ3 - 12100ఎఫ్ అనే చిన్న ప్రాసెసరు, పదేళ్ళ వెనకటి ఆ ఐ7 కంటే ఆటల్లో చురుకైనది. పేరులో ఏడు వున్నదాని కంటే మూడు వున్నదే మేలన్నమాట! చివర వచ్చే అక్షరాన్నీ చూడాలి. ఇంటెల్‌లో 'ఎఫ్' అని వుంటే దానిలో సొంతంగా బొమ్మ చూపించే భాగం వుండదు, వేరే గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. ఏఎండీ కంపెనీ రైజెన్ 5600 లాంటి వాటి చివర 'జీ' అని వుంటే లోపలే ఓ మోస్తరు గ్రాఫిక్స్ భాగం వుందని అర్థం.

గ్రాఫిక్స్ కార్డుల్లోనూ ఇలాంటి తిరకాసులున్నాయి. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో 2022 లో 8 జీబీ కార్డు వచ్చింది. 2024 లో అదే పేరుతో 6 జీబీది వచ్చింది. తేడా రెండు జీబీలే అనుకుంటాం. కాని రెండోదానిలో పనివాళ్ళ దండు కూడా తక్కువ. కాబట్టి బిల్లు మీద కార్డు పూర్తి పేరూ, ఎన్ని జీబీలో రెండూ రాయించుకోవాలి. ఇంకో మాట, జీబీలు ఎక్కువున్నంత మాత్రాన కార్డు పెద్దదైపోదు. వాకిలి పెద్దదై, ముగ్గు వేసేవాళ్ళు ఇద్దరే వుంటే ఏం లాభం? అలాగని మరీ తక్కువైనా కష్టమే. ఇప్పుడు వస్తున్న ఆటలు కొన్నేళ్ళు ఆడుకోవాలంటే కార్డు మీద 8 జీబీ వుండేట్టు చూసుకోండి.

ఆ 'జీ' అక్షరం వున్న ప్రాసెసరు సంగతి ఎందుకు చెప్పానంటే, డబ్బు చాలని ఇళ్ళకు అది మంచి ఉపాయం. 2021 లో వచ్చిన రైజెన్ 5 5600జీ లాంటిది పెట్టి, వేరే గ్రాఫిక్స్ కార్డు లేకుండానే కంప్యూటరు కట్టించుకోవచ్చు. తేలికపాటి ఆటలు, బొమ్మ నాణ్యత కాస్త తగ్గించుకుంటే, చక్కగా ఆడతాయి. చదువుకు ఏ లోటూ వుండదు. మళ్ళీ సంవత్సరం చీటీ డబ్బు వచ్చినప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఒక్కటీ కొని అందులో పెట్టుకోవచ్చు. ఇల్లు కట్టేటప్పుడు ముందు కింద వాటా వేసి, పై అంతస్తుకు పునాది గట్టిగా పోసి వుంచుకుంటాం చూశారూ, అలాంటిదే. అందుకే మొదటే ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది పెట్టించుకోవాలి. ఈ పద్ధతిలో వెళ్ళేవాళ్ళు 16 జీబీ ర్యామును ఒకే ముక్కగా కాకుండా ఎనిమిదేసి జీబీల రెండు ముక్కలుగా తీసుకోవాలి. లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామునే వాడుకుంటుంది గనక, రెండు దారులుంటే పని చాలా వేగంగా సాగుతుంది. పైసా పెద్దగా తేడా రాదు, ఫలితం మాత్రం కంటికి కనిపిస్తుంది.

ఇంట్లో పాత కంప్యూటరు వుంటే దాన్ని పారెయ్యకముందు ఒకసారి తెలిసినవాళ్ళకు చూపించండి. ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యాము పెంచితే లేచి కూర్చునేవి చాలా వున్నాయి. కాని విండోస్ 10 కు మామూలుగా ఇచ్చే భద్రతా సాయం 2025 అక్టోబరు 14 తో ముగిసింది. విండోస్ 11 కు ఇంటెల్ ప్రాసెసరు అయితే ఎనిమిదో తరం గాని ఆ తర్వాతది గాని కావాలని మైక్రోసాఫ్ట్ నియమం. వాలొరెంట్ లాంటి ఆటలు విండోస్ 11 లో కొన్ని భద్రతా ఏర్పాట్లు లేకపోతే అసలు తలుపే తియ్యవు. కాబట్టి ఎనిమిదో తరానికి ముందున్న పాతదాని మీద వేలకు వేలు పోయకండి.

సెకండ్ హ్యాండు కొనవచ్చా అంటారా? కొనవచ్చు, బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక వుంటే. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకుంది. అంతవరకూ ఆ నాణేల కోసం రాత్రింబగళ్ళు నడిపిన గ్రాఫిక్స్ కార్డులెన్నో పాత సరుకుగా బజారుకు వచ్చాయి. పాత కార్డు కొనదలిస్తే మన కళ్ళ ఎదుటే బరువైన ఆట ఒకటి అరగంటసేపు నడిపించి చూపమనాలి. తెర మీద గీతలు పడితే, మధ్యలో ఆగిపోతే, ఫ్యాను గోల పెడితే వద్దనెయ్యండి. వారంటీ మిగిలివుండి, పాత బిల్లు ఇచ్చేవాళ్ళ దగ్గరే తీసుకోండి. పెట్టె, మానిటరు పాతవి తీసుకున్నా ఫరవాలేదు గాని ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తదే వుండాలి.

"లాప్‌టాప్ అయితే కాలేజీకీ పనికొస్తుంది కదా" అని కొందరు అంటారు. నిజమే. అమ్మాయో అబ్బాయో హాస్టల్లో వుండేట్టయితే లాప్‌టాప్ తప్పదు. కాని అదే డబ్బుకు ఇంట్లో పెట్టుకునే కంప్యూటరులో వచ్చినంత బలం లాప్‌టాప్‌లో రాదు. గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే అయినా లాప్‌టాప్‌లో వుండేది తక్కువ కరెంటుతో నడిచే రకం. పైగా ఏదైనా ఒక భాగం పాడైతే అది ఒక్కటీ తీసి మార్చడం కష్టం. ఇంట్లోదయితే మిక్సీ జారు మార్చినట్టు ఏ ముక్కకా ముక్క మార్చుకోవచ్చు.

ఎక్కడ కొనాలి? హైదరాబాదు, సికింద్రాబాదు వాళ్ళకు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వుంది. చెన్నైలో వుండే మనవాళ్ళకు రిచీ స్ట్రీట్, బెంగుళూరులో వుండేవాళ్ళకు ఎస్.పి. రోడ్డు. ఇంటినుంచి వెళ్ళేటప్పుడే భాగాల పేర్లు పూర్తిగా కాగితం మీద రాసుకోండి. ఒకే రోజున మూడు షాపుల్లో అదే కాగితం చూపించి ధరలు రాయించుకోండి. ఆన్‌లైన్ ధరలు కూడా పక్కన వేసుకోండి. "అది స్టాకు లేదు, ఇది అంతకంటే మంచిది" అని షాపువాడు వేరేది చూపితే వెంటనే తల ఊపకండి. "రేపు వస్తాం" అనండి. పట్టుచీరల కొట్లో మనం ఈ మాట ఎన్నిసార్లు అనలేదు!

బిల్లు లేకుండా కొంటే తగ్గిస్తామంటారు. కంప్యూటరు మీద జీఎస్‌టీ 18 శాతం గనక మనసు ఊగుతుంది. కాని బిల్లు లేకపోతే రేపు వారంటీ అడిగే నోరు మనకు వుండదు. పెట్టెతో వచ్చే ప్రాసెసరుకు మామూలుగా మూడేళ్ళ వారంటీ వుంటుంది. బిల్లు మీద ప్రతి భాగం పేరూ, సీరియల్ నంబరూ విడివిడిగా వుండాలి. 'ఒక కంప్యూటరు, ఇంత ధర' అని ఒక్క ముక్కలో రాస్తే ఒప్పుకోకండి. ఖాళీ అట్టపెట్టెలు కూడా అటక మీద భద్రం చెయ్యండి. ఏదైనా ఇబ్బంది వచ్చి షాపువాళ్ళు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

వాయిదాల మీద కొనేవాళ్ళకో మాట. 'నో కాస్ట్ ఈఎంఐ' అంటే వడ్డీ లేదని కాదు. వడ్డీ అంత మొత్తాన్ని ముందే తగ్గింపుగా చూపిస్తారు, అంతే. బ్యాంకు ప్రాసెసింగు ఫీజూ, ఆ వడ్డీ మీద జీఎస్‌టీ మన నెత్తిమీదే పడతాయి. నగదుకు ఎంత, వాయిదాలకు మొత్తం ఎంత అని రెండూ పక్కపక్కన రాసి చూసుకుంటే నిజం బయటపడుతుంది.

ఇంటికి తెచ్చాక కొన్ని జాగ్రత్తలు. కంప్యూటరును బీరువా సందులోనో, గుడ్డ కప్పి మూలనో పెట్టకండి. మన వేసవికి దానికీ ఉక్కపోస్తుంది. గోడకు జానెడు ఎడంగా, గాలి ఆడేచోట వుంచి, నెలకోసారి కట్టేసి దుమ్ము దులపాలి. 600 వీఏ అని రాసిన చిన్న యూపీఎస్ మామూలుగా 360 వాట్లకే తట్టుకుంటుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడితే అది చాలదు, 1000 వీఏది చూసుకోవాలి. కరెంటు ఖర్చు కూడా వేసుకోండి. ఆట ఆడేటప్పుడు 300 వాట్లు లాగే కంప్యూటరు రోజుకు మూడు గంటలు నడిస్తే నెలకు 27 యూనిట్లు. ఈ లెక్క పిల్లలచేతే వేయించండి. మూడు గంటలు ఒక గంటన్నర కావడానికి ఒక్కోసారి అదే చాలు.

అన్నిటికంటే ముఖ్యం దాన్ని ఎక్కడ పెడతామన్నది. తలుపు వేసుకునే గదిలో కాదు, హాల్లో, నలుగురూ తిరిగే చోట పెట్టండి. నిఘా కోసం కాదు. పిల్లలు ఎవరితో ఆడుతున్నారో, ఏం నవ్వుకుంటున్నారో మన చెవిన పడుతూ వుంటే వాళ్ళకూ మనకూ మాటలుంటాయి. గంటకోసారి లేచి, దూరంగా కాస్సేపు చూసి రమ్మనండి, కళ్ళకు మంచిది. బ్యాంకు కార్డు నంబరు ఆటల ఖాతాలో భద్రపరచకండి. బట్టలనీ, ఆయుధాలనీ ఆటలోపల కూడా డబ్బు గుంజేవి వున్నాయి. ఇక పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటల జోలికి అసలే పోకూడదు. డబ్బు పెట్టి ఆడే అలాంటి ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ఆ చట్టమే ప్రోత్సహించాలంది. ఆటకూ జూదానికీ తేడా ఏమిటో పిల్లలకు చెప్పవలసింది మనమే.

చివరగా ఇంకొక్క సంగతి. కంప్యూటరు వచ్చాక అది 'అబ్బాయిది' అయిపోతుంది చాలా ఇళ్ళల్లో. అమ్మాయికి అన్నయ్య లేచి వెళ్ళాకే కుర్చీ దొరుకుతుంది. అలా కానివ్వకండి. ఆటలు బాగా నడిపే కంప్యూటరే బొమ్మలు గియ్యడానికీ, వీడియోలు కూర్చడానికీ, ఇంజనీరింగు డ్రాయింగుకూ, ప్రోగ్రాములు రాయడానికీ బాగా పనికొస్తుంది. అరవై వేలు ఇంటి డబ్బయితే, ఆ కుర్చీ కూడా ఇంట్లోవాళ్ళందరిదీ. గోడకు కాగితం అంటించి ఎవరి వేళ వాళ్ళకు రాసిపెట్టండి. అందులో అమ్మ పేరున కూడా ఓ అరగంట వేసుకుంటే తప్పేం లేదు!

పిల్లలు అడిగిందల్లా కొనివ్వమని నేను అనడం లేదు. ఇప్పుడు కుదరదనిపిస్తే, ఎందుకు కుదరదో లెక్క చూపించి చెప్పండి. "ఈ యేడు ఇంత, వచ్చే యేడు ఇంత" అని మాట ఇచ్చి నిలబెట్టుకోండి. లెక్క చూసిన పిల్లలు అలిగినా ఆ అలక ఎక్కువకాలం వుండదు. కొనగలిగితే, తెలుసుకుని కొనండి. వస్తువు నచ్చకపోతే నోరు విప్పి చెప్పగలిగే చనువు పిల్లలకు ఇవ్వండి. ఆ చనువు ఏ షాపులోనూ దొరకదు, ఏ వాయిదాల మీదా రాదు.